మూయని చలివేంద్రం

ముప్పై ఒకటో నంబరు సీసా వెలిగింది.

నేను దీపం ఆర్పి, కళ్లు నులుముకుని, మళ్లీ వేశాను. మళ్లీ వెలిగింది, లేత పచ్చగా. ముప్పై ఒకటి వెలగకూడదు. ముప్పై ఒకటి నుంచి అరవై దాకా ఏదీ వెలగకూడదు. ఆ ముప్పైమందినీ రెండేళ్లుగా మేము పెట్టుకున్నది అందుకే.

మా పరిశోధన కేంద్రం గుంటూరు పొలిమేరలో ఉంటుంది. మేము తయారుచేసిన బాక్టీరియా పేరు కాపరి. మనిషి పెద్దపేగులో బాక్టీరియా కోట్లకొద్దీ కాపురముంటాయి. చాలావరకు మంచివే. కొన్ని మాత్రం విషం చిమ్మి పేగు కణాలను గాయపరుస్తాయి, ఆ గాయాలు ఏళ్ల తరబడి ముదిరితే క్యాన్సరు కావచ్చు. ఆ విషాన్ని అక్కడికక్కడే ముక్కలు చేయడం కాపరి పని. దాని ఒంట్లో ఒక వెలుగు జన్యువు కూడా పెట్టాం. ఊదారంగు దీపం కింద పెడితే చాలు, ఎక్కడున్నా పట్టిచ్చేస్తుంది.

ఇంట్లో ఎవరో ఒకరు పెద్దపేగు క్యాన్సరుతో పోయిన కుటుంబాల నుంచి అరవైమందిని ఎంచుకున్నాం. మొదటి ముప్పైమందికి ఎర్ర మూత కప్పులో కాపరి కలిపిన పెరుగు. మిగతా ముప్పైమందికి తెల్ల మూత కప్పులో మామూలు పెరుగు. మధ్యాహ్నం మాత్రం అరవైమందికీ ఒకటే భోజనం, మా వంటమనిషి ఏస్తేరమ్మ చేసే జొన్నరొట్టె, కొర్రన్నం, ఆకుకూర పప్పు. రెండేళ్లకి ఎర్ర మూతవాళ్ల పేగుల్లో బుడిపెలు సగానికి సగం తగ్గాయి. మా పెద్ద డాక్టరు భుజంగరావు గారు ఆ నెలంతా నేలమీద నడవలేదు.

ఇప్పుడేమో తెల్ల మూతవాళ్ల మలం నమూనాలు నా ముందు వెలుగుతున్నాయి. ముప్పై ఒకటి, ముప్పై నాలుగు, ముప్పై ఎనిమిది... లెక్కపెడితే పదకొండు.

భుజంగరావు గారు వచ్చి చూసి, కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచి, కుర్చీ లేని చోట కూర్చోబోయారు. నేను పట్టుకున్నాను.

"ఇందుమతీ, నంబర్లు తారుమారు చేశారా?"

"లేదు సార్. మూడుసార్లు చూశాను."

"అయితే కప్పులు తారుమారయ్యాయి," అని వంటగది వైపు చూశారు.

ఏస్తేరమ్మని పిలిపించారు. ఆమె పిండి చేతులతోనే వచ్చింది. "నేనెందుకు మారుత్తానయ్యా? ఎర్ర మూతోళ్లకి ఎర్రది, తెల్ల మూతోళ్లకి తెల్లది. రెండేళ్లలో ఒక్కపూట తప్పానేమో అడగండి ఎవరినన్నా."

"తేలేదాకా పనిలోకి రావొద్దు," అన్నారాయన.

 ఆమె నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి, నాలుగు మడతలు పెట్టి, నా వైపు తిరిగింది. "మీరైనా చెప్పండమ్మా. మీరు చూత్తానే ఉంటారుగా."

నేను సీసాల వైపు చూస్తూ నిలబడ్డాను. సిగ్గులేని మౌనం అది. ఎందుకు నోరు విప్పలేదో చెప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

*

శేషగిరి నాకు బావ, మొగుడు కూడా. మా మేనత్త మాణిక్యమ్మ కొడుకు. జన్యువుల గురించి ఊరందరికీ పాఠాలు చెప్పే దాన్ని మేనరికం చేసుకున్నానని మా కేంద్రంలో నన్ను ఏడిపించనివాళ్లు లేరు.

మామయ్య యాభై రెండేళ్లకి పెద్దపేగు క్యాన్సరుతో పోయాడు. ఆయన తండ్రీ అలాగే పోయాడట. బావకి ఇప్పుడు నలభై ఎనిమిది. బస్సు డిపోలో కంట్రోలరు. కొలనోస్కోపీ చేయించుకోమని ఆరేళ్లు పోరాను. "కెమెరా పెట్టి లోపల సినిమా తీయించుకోటానికి నేనేమన్నా హీరోనా?" అని నవ్వేసేవాడు. పోనీ తిండైనా మార్చుకుంటాడా అంటే, మల్లెపువ్వులాంటి సన్నబియ్యం అన్నం, పచ్చళ్లు, వారానికి మూడుసార్లు వేటమాంసం. జొన్నలనీ కొర్రలనీ "గొడ్ల దాణా" అనేవాడు.

బావని మా అరవైమందిలో చేర్చుకోమని భుజంగరావు గారిని అడిగాను. సిబ్బంది బంధువులు పనికిరారన్నారు. ఆ నిబంధన రాసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను.

అందుకని దొంగతనం చేశాను. మూత సరిగ్గా పడని ఎర్ర కప్పులను మరగబెట్టి పారేసే పని నాది. మార్చి మొదటి వారంలో అలాంటివి ఏడు వచ్చాయి. పారేసినట్టు సంతకం పెట్టి, ఏడింటినీ చేతిసంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. ఆరు రోజులు బావ పెరుగన్నంలో కలిపాను. ఏడో రోజు అతను మాచర్ల డ్యూటీకి వెళ్లాడు, ఆ కప్పు ఫ్రిజ్జులో ఉండిపోయింది. తర్వాత దాని సంగతే మర్చిపోయాను.

ఒక్క సంగతి మాత్రం మర్చిపోలేదు. కాపరికి పీచు కావాలి. జొన్న తవుడులో ఉండే పీచంటే దానికి ప్రాణం, మేమే అలా తయారుచేశాం. పీచు దొరక్కపోతే ఏం చేస్తుందో ఎలుకల గదిలో కళ్లారా చూశాను. పాలిష్ పట్టిన బియ్యం మాత్రమే పెట్టిన ఎలుకల్లో అది ఆకలికి తాళలేక పేగు లోపలి జిగురు పొరనే తినడం మొదలుపెట్టింది. నలభయ్యో రోజుకి ఆ పొర తడిసిన కాగితంలా అయింది. అరవయ్యో రోజుకి బుడిపెలు లేచాయి. కంచే చేను మేయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు. అందుకే మా పరీక్షలో మధ్యాహ్న భోజనం తప్పనిసరి చేశాం. అందుకే నేను తెల్లారకముందే లేచి బావకి నాలుగు జొన్నదోసెలు పోసి డబ్బాలో పెట్టేదాన్ని. డబ్బా రోజూ ఖాళీగా తిరిగొచ్చేది. నా కళ్లు చల్లబడేవి.

ఏస్తేరమ్మ నా ముఖంలోకి చూసినప్పుడు నేను అనుకున్నది ఇదీ: నా ఏడు కప్పులకీ ఈ పదకొండుమందికీ సంబంధం ఉండే అవకాశం లేదు. కాపరి పాలలో పెరగదు. నూటపద్దెనిమిది సార్లు పరీక్షించాం. ఆ పెరుగుని తోడు వేసినా రెండు రోజుల్లో ఆనవాలు లేకుండా చచ్చిపోతుంది. కాబట్టి నా తప్పు నా ఇంట్లోనే ఉంది, బయటపెట్టాల్సిన అవసరం లేదు. దొంగకి ధైర్యం చెప్పుకోవడానికి శాస్త్రం కూడా పనికొస్తుంది.

*

మర్నాడు ఆ పదకొండుమందినీ ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, ఈ మూడు నెలల్లో బయట ఏమేం తిన్నారో అడిగాను. బజ్జీలు, పుల్ల ఐసు, పెళ్లి భోజనాలు. అయిదో మనిషి మిషను కుట్టే సామ్రాజ్యం. ఆమె నవ్వి, "బయటేం తింటానమ్మా? ఎండాకాలమంతా మీ అత్తగారి అంబలేగా రోజూ" అంది.

ఆ మాట కాగితం మీద రాసుకుని కింద గీత గీశాను.

మిగతా ఆరుగురినీ వరసగా ఒకే ప్రశ్న అడిగాను. ఆరుగురూ అదే చెప్పారు. ముందు మాట్లాడి వెళ్లిన నలుగురికీ ఫోను చేశాను. వాళ్లదీ అదే మాట.

మామయ్యకి చివరి నెలల్లో అంబలి తప్ప ఏదీ గొంతు దిగేది కాదు. ఆయన పోయాక అత్త ఏటా ఆయన పేరుమీద, ఉగాది నుంచి మృగశిర కార్తె దాకా, మా వీధి మలుపులో బస్సులు ఆగే చోట తాటాకు పందిరి వేసి అంబలి చలివేంద్రం నడుపుతుంది. జొన్నపిండి గంజి కాచి, చల్లార్చి, రాత్రంతా పులియబెట్టి, పొద్దున మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయలు వేసి పోస్తుంది. మాచర్ల పోయేవాళ్లు, ఒంగోలు పోయేవాళ్లు, మిర్చియార్డు కూలీలు, ఆటోవాళ్లు, ఎవరొస్తే వాళ్లకి. ఆమెది ఒకటే పట్టు. తాగేవాళ్ల పేరు, ఊరు అడగదు. "దప్పికైనోడి పేరడిగితే పుణ్యం పోద్ది" అంటుంది.

సెలవు చీటీ కూడా రాయకుండా ఊదా దీపం సంచిలో వేసుకుని ఇంటికి పరిగెత్తాను. పదకొండు గంటల ఎండ. వంటింటి మూల అత్త చిన్న కుండ ఉంది. చలివేంద్రం మూసినా ఆ కుండ మాత్రం మూయదు, ఏటికేడాది అందులో పులుపు నిలబెడుతుంది. కుండనీ నన్నూ కలిపి బొంత కప్పుకుని, మూత తీసి, దీపం వేశాను.

కుండ మొత్తం వెలిగింది. సీసాల్లో చుక్కలు చుక్కలుగా కనపడే వెలుగు ఇక్కడ అంచు దాకా నిండి ఉంది. నా అరచేతులు పచ్చగా కనిపించాయి.

"ఏందే అమ్మాయ్, కుండకి చలేసిందా?" అంది అత్త, పైనుంచి.

బొంత తీశాను. చెమటా కన్నీళ్లూ కలిసి కారుతున్నాయి.

"అత్తా, మార్చిలో ఫ్రిజ్జులో ఒక కప్పు పెట్టాను. ఎర్ర మూతది. ఏం చేశావు?"

"పెరుగు కప్పా? అది పుల్లబడి పోయింది గదే. ఉగాదికి వారం ముందు చలివేంద్రానికని కుండ పులియబెడతన్నా. పారబోత్తే పాపం కాదంటే? అంబల్లో పోశా." నా ముఖం చూసి ఆగింది. "ఏం? అంత ఖరీదైన పెరుగా?"

మేము పాలలో పరీక్షించాం, నీళ్లలో పరీక్షించాం, మజ్జిగలో పరీక్షించాం. అంబలి ఎవరికీ తట్టలేదు. మా అందరి ఇళ్లలోనూ అంబలి కుండ అమ్మమ్మలతోనే పోయింది. మా ఇంట్లో ఒక్కచోట ఉంది, ఆ ఒక్క ఇంటికే నేను కాపరిని మోసుకొచ్చాను. జొన్నంటే ప్రాణమిచ్చే దాన్ని జొన్న గంజిలో వేస్తే ఏమవుతుంది? అత్త పొద్దున సగం కుండ పోసేది, సాయంత్రం కొత్త గంజి కలిపేది. తొంభై రోజులకి దగ్గరగా, రోజుకి మూడు వందలమందికి.

నేల మీదే కూర్చుని వేళ్లమీద లెక్కపెట్టాను. మృగశిర రోజున అత్త చలివేంద్రం మూసింది. ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. తాగినన్నాళ్లూ వాళ్ల కడుపులో కాపరికి జొన్న అందింది, అది వాళ్లకి కాపలా కాసింది. ఇప్పుడు ఊరంతా మళ్లీ తెల్లన్నం తింటోంది. మా తెల్ల మూతవాళ్లకి మధ్యాహ్నం జొన్నరొట్టె ఉంది. మిగతావాళ్లకి ఏముంది? నలభైకి ఇంకా పద్నాలుగు రోజులు. ఎలుకల లెక్క మనుషులకి సరిపోతుందో లేదో ఎవరికీ తెలియదు. మనుషుల మీద ఆ పరీక్ష చేసే పాపాత్ములు ఎక్కడా ఉండరు. నేను చేశాను.

"అత్తా, ఆ పులుపు ఇంకెవరికన్నా ఇచ్చావా?"

ఈ ప్రశ్నకి అత్త ముఖం వెలిగింది పాపం. "ఈ ఏడు మన కుండ పులుపు అమృతంలా కుదిరిందని ఎంతమంది అడిగారే! నల్లపాడు రోడ్డులో వాళ్లకి చెంబెడు, చిలకలూరిపేట మా తోడికోడలికి చెంబెడు, నరసరావుపేట సత్రం వాళ్లకి, తెనాలి..." ఒక చేతి వేళ్లు అయిపోయి రెండో చెయ్యి తీసింది. రెండో చేతి వేళ్లూ అయిపోయాయి. "మొత్తం పదమూడు చలివేంద్రాలకి. అందరూ నీ మామయ్య పేరు చెప్పే పోశారంటే నమ్ము."

*

బావ సంగతి నాకు ఆ తర్వాత గాని గుర్తురాలేదు. గుర్తొచ్చాక కూడా ధైర్యంగానే ఉన్నాను. దోసెలు తింటున్నాడు కదా.

సాయంత్రం డిపో నుంచి వచ్చాక మొత్తం చెప్పాను. కప్పులు, ఎలుకలు, కుండ. అతను చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి విన్నాడు. నేను కలిపింది విని తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఆ దోసెలు తినకపోతే ఏమైద్ది?" అన్నాడు.

"తిన్నావుగా?"

అతను నా వైపు చూడలేదు. "డిపో గేటు కాడ టీ కొట్టు యానాదయ్యకి చూడిగేదె ఉంది. దానికి పెట్టేవోణ్ణి. నువ్వు పొద్దున్నే లేచి పోత్తన్నావు, వద్దంటే బాధపడతావని..."

ఒక్కరోజు కూడా తినలేదట. నాలుగు నెలల దోసెలు గేదె తింది. నలభై కాదు, అరవై కాదు, నూటపదహారు రోజులు. నాకు నవ్వొచ్చింది, ఆ నవ్వు ఆగలేదు, అది ఏడుపని అత్త వచ్చి పట్టుకునేదాకా నాకే తెలియలేదు.

ఆరేళ్లు కానన్నవాడు ఆ మర్నాడే కెమెరా పరీక్షకి వచ్చాడు. ఆసుపత్రిలో తెర మీద నేనూ చూశాను. ఆరోగ్యమైన పేగు లోపలంతా తడిగా, గులాబీరంగులో మెరుస్తూ ఉంటుంది. బావ పేగులో జానెడు మేర ఆ మెరుపు లేదు. ఎలుకల గదిలో చూసిన రంగే, మనిషిలో. అక్కడ నాలుగు బుడిపెలున్నాయి. మూడింటిని డాక్టరు అప్పటికప్పుడే తీసేశాడు. నాలుగోది పెద్దది. దానిలో ముక్క పరీక్షకి పంపాడు.

నాలుగు రోజులకి కబురొచ్చింది. క్యాన్సరే. మొదట్లోనే ఉంది, అంతమేర పేగు కోసి తీసేయొచ్చు అన్నాడు డాక్టరు.

కాపరి చేసిందా, మామయ్య రక్తం చేసిందా, ముప్పై ఏళ్ల తెల్లన్నం, మాంసం చేశాయా? డాక్టరు చెప్పలేనన్నాడు. ఎవరూ చెప్పలేరు, శాస్త్రం దగ్గర దీనికి జవాబు లేదు. బావని కాపాడాలనే ఆ పాడు పెరుగు తెచ్చాను. నా చేతులతో కలిపి ముద్దలు పెట్టాను. నా మనసు దగ్గర మాత్రం జవాబుంది.

*

ఆ నాలుగు రోజులూ కేంద్రంలో జరిగింది కూడా చెప్పాలి. మొదటిరోజే భుజంగరావు గారి ముందు అంతా ఒప్పుకున్నాను. ఆయన లేచి, మందుల అలమార తెరిచారు. కాపరి అదుపు తప్పితే చంపడానికి మేము ముందే తయారుచేసి పెట్టుకున్న మాత్ర అందులో ఉంది. అత్త కుండలోని అంబలి సీసాలో పోసి, మాత్ర నూరి కలిపాం. ఆరు గంటల తర్వాత దీపం వేశాం. వెలుగు ఇసుమంత కూడా తగ్గలేదు. తొంభై రోజులు కుండలో రకరకాల బాక్టీరియాతో కలిసి బతికి, ఆ మందుని తట్టుకోవడం ఎక్కడో నేర్చుకుంది.

"కొత్త మందుకి?" అన్నాను.

"ఏడాది. రెండేళ్లు కూడా పట్టొచ్చు." ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఇందుమతీ, ఇది బయటికి పొక్కకూడదు. పైవాళ్లకి రహస్యంగా రాద్దాం. జనానికి తెలిస్తే తొక్కిసలాటవుతుంది."

"పదమూడు రోజులే ఉంది సార్. పైవాళ్లు ఆ కాగితం చదివేసరికి నలభయ్యో రోజు దాటిపోతుంది."

"ఎవరికని చెప్తారు? ఎవరు తాగారో మీకు తెలుసా?"

తెలియదు. అదే కదా నా గుండె పగలగొడుతున్నది. అత్త పుణ్యం పోతుందని ఒక్కరి పేరూ అడగలేదు. బస్సు దిగి, గ్లాసెడు తాగి, మూతి తుడుచుకుని ఎక్కిపోయినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నారో దేవుడికే తెలియాలి.

నన్ను ఉద్యోగం లోంచి తీసేశారు, తీసేయాలి కూడా. నా మీద నేనే ఫిర్యాదు రాసిచ్చి, పోలీసులు పిలిచినప్పుడు వస్తానని సంతకం పెట్టి, అక్కణ్ణుంచి ఏస్తేరమ్మ ఇంటికి వెళ్లాను. ఆమె గుమ్మంలో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. జరిగింది చెప్పాను. కాళ్లు పట్టుకోబోతే చాట అడ్డం పెట్టింది.

"అయ్యగారు అనుమానించాడంటే ఆయనకి తెలవదు. నీకు తెలుసు. తెలిసీ ఆ సీసాలకేసి చూత్తా నిలబడ్డావు," అంది. రెండేళ్లుగా 'మీరు' అన్న మనిషి 'నువ్వు' అంది. నాకు ఆ మాటే సరిగ్గా సరిపోయింది.

చాటలో బియ్యాన్ని చాలాసేపు చూసింది. "నేనూ తాగా మీ అత్త అంబలి. నా మనవరాలు కూడా తాగింది. ఇప్పుడేం చెయ్యాలి?"

"రోజూ జొన్న తినాలి. మందు దొరికేదాకా ఒక్కరోజు కూడా మానకూడదు."

ఆమె బియ్యం డబ్బాలో పోసి, చాట గోడకి తగిలించి, చెప్పులేసుకుంది. "పద. మూడొందలమందికి గంజి కాయాలంటే మీ అత్త ఒక్కతి వల్ల అవుద్దా?"

*

అత్తకి అంబలి సంగతీ బావ సంగతీ నేను చెప్పినప్పుడు ఏడుస్తుందనుకున్నాను. ఆమె కొంగు బిగించి, "అయితే పందిరి మళ్లీ ఎయ్యాలి" అని మాత్రం అంది. ఆ పూట అన్నం ముట్టలేదు. కొడుకు పడుకున్న గది ముందు నుంచి నాలుగుసార్లు నడిచింది, లోపలికి మాత్రం వెళ్లలేదు.

అత్త కుండలో పులుపు మరగబెట్టి పారబోసి, చెంబెడు తీసుకెళ్లిన పదమూడు చోట్లకీ అదే చేయమని మనుషుల్ని పంపాం. డిపోలో బావ చెప్తే డ్రైవర్లూ కండక్టర్లూ ఊరూరా చెబుతామన్నారు, పేపర్ల వాళ్లు రాసుకెళ్లారు. మృగశిర దాటిన ముప్పై మూడో రోజున, ముసురు వానలో, మా వీధి మలుపులో చలివేంద్రం తెరిచాం. వానాకాలం చలివేంద్రమేమిటని జనం గొడుగులు వేసుకుని వింతగా చూశారు. ఏస్తేరమ్మ పొయ్యి దగ్గర కొత్త కుండలో గంజి కలుపుతోంది. నేను మైకు పట్టుకున్నాను.

"ఈ ఎండాకాలం మీరిక్కడ తాగిన అంబలిలో నేను దొంగతనంగా తెచ్చిన బాక్టీరియా ఉంది," అన్నాను. చెప్పాల్సింది మొత్తం చెప్పాను. రోజూ జొన్నలో, కొర్రలో, తవుడు పోని ధాన్యమో తిన్నంతకాలం అది మిమ్మల్ని కాపాడుతుందనీ, మానేస్తే పేగునే తినొచ్చనీ చెప్పాను. నా మొగుడికి క్యాన్సరు వచ్చిందనీ చెప్పాను.

గొడుగుల కింద జనం ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు.

"ఎన్నాళ్లు తినాలమ్మా?" అన్నాడొక ఆటో అతను.

"మందు కనుక్కునేదాకా. కనుక్కోలేకపోతే... బతికినన్నాళ్లు."

చంకలో బిడ్డ ఉన్న ఒకామె ముందుకొచ్చింది. ఆమె ముఖంలో కోపం కన్నా నమ్మలేకపోవడమే ఎక్కువ ఉంది. "దప్పికైద్దని నా బిడ్డ నోట్లో నేనే పోశానమ్మా," అంది. బల్లమీది గ్లాసు తీసుకుని నా ముఖాన కొట్టింది. అంబలి కళ్లలోకి, మెళ్లోకి కారింది. తుడుచుకోలేదు. ఆమె ఏడుస్తూ ఇంకో గ్లాసు తీసుకుని బిడ్డకి తాగించింది. ఆ తర్వాత వరస కదిలింది.

అత్త కుండ దగ్గర కూర్చుంది. పక్కన ఒక బారు నోటుపుస్తకం. పదహారేళ్ల చలివేంద్రంలో మొదటిసారి, తలొంచుకుని, పాపం చేస్తున్న మనిషి గొంతుతో అడగడం మొదలుపెట్టింది.

"పేరేంది నాయనా? ఏ ఊరు?"

చెప్పారు. రాసుకుంది. పోసింది. "రేపు కూడా రా నాయనా" అంది. తర్వాతి మనిషి. పేరు, ఊరు, గ్లాసు. "రేపు కూడా రా తల్లీ." నలభైమంది, అరవైమంది. కళ్లు కనపడక అక్షరాలు వంకర పోతున్నా తలెత్తలేదు.

మర్నాడు పొద్దున బావకి ఆపరేషను. కాసేపట్లో ఆసుపత్రిలో చేరాలి. సంచి భుజాన వేసుకుని ఇంట్లోంచి వచ్చినవాడు, నా దగ్గరికి రాకుండా, వానలో వరస చివర నిలబడ్డాడు. ఒక్కొక్క అడుగే జరుగుతూ కుండ దగ్గరికి వచ్చాడు.

"పేరేంది నాయనా?" అంది అత్త, పుస్తకంలోకి చూస్తూనే.

"శేషగిరి," అన్నాడు బావ.

కలం ఆగింది. తలెత్తలేదు. కాసేపటికి ఆ పేరు రాసింది. ఊరు అడగలేదు. గ్లాసు నిండా పోసి రెండు చేతులతో అందించింది. గొడ్ల దాణా అన్నవాడు చివరి చుక్క దాకా తాగి, గ్లాసు బోర్లించి బల్లమీద పెట్టాడు.

అత్త అందరికీ చెప్పినట్టే చెప్పబోయింది. "రేపు కూడా..." అంది. కొడుకు తడిసిన చెయ్యి పట్టుకుని, మిగతా మాట వాడి నోటి నుంచే వినాలన్నట్టు, మొదటిసారి తలెత్తి చూసింది.